వెల్లుల్లి పూల కాడలను నూనెలో నిల్వ పెట్టవచ్చా?

ప్రశ్న: రెండేళ్లుగా గట్టి మెడ రకం (హార్డ్‌నెక్) వెల్లుల్లి వేస్తున్నాను. గడ్డ తీయడానికి నెల రోజుల ముందు మొక్క నడుమ నుంచి పొడవైన పూల కాడలు వచ్చి మెలి తిరుగుతున్నాయి. వాటిని తీసేస్తే గడ్డ బాగా ఊరుతుందని విని తీసేస్తున్నాను గాని, పారేయడానికి మనసొప్పడం లేదు. నిరుడు కొన్ని కాడలను నాలుగు రెబ్బలతో కలిపి వెనిగర్‌లో వేస్తే రెబ్బలు నీలంగా, కాడలు పాచి రంగుగా మారాయి. భయపడి పారబోశాం. ఈసారి నూనెలో ముంచి అలమారలో పెట్టుకోవాలనుకుంటున్నాం. ఇది మంచి పద్ధతేనా? వీటిని కూరగా ఎలా వండుకోవాలి?

జవాబు: నిరుడు మీరు భయపడి పారబోసిన సీసాలో బహుశా దోషమేమీ లేదు. ఈ ఏడు నమ్మకంగా పెట్టుకోవాలనుకుంటున్న సీసాలోనే అసలు ప్రమాదం ఉంది. అందుచేత ముందు నూనె సంగతి చెబుతాను.

నూనెలో మునిగిన వస్తువు చెడదన్న నమ్మకం చాలామందిలో ఉంది. నూనె గాలిని అడ్డుకోవడం వల్ల బూజు పట్టదు, అంతవరకు నిజమే. అయితే నేలలో సహజంగా ఉండే క్లోస్ట్రిడియం బోట్యులినమ్ అనే బాక్టీరియాకు కావలసింది సరిగ్గా ఆ గాలి ఆడని చోటే. మట్టి తగిలే ఏ పంటకైనా దాని సిద్ధబీజాలు (గడ్డు పరిస్థితులను తట్టుకునే, విత్తనం లాంటి రూపాలు) అంటుకుని ఉండవచ్చు. అవి ఎంత కడిగినా పూర్తిగా పోవు, మామూలుగా మరిగించినా చావవు. వాటిని చంపడానికి ప్రెషర్ మీద 121 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి కావాలి. పచ్చి వెల్లుల్లిలో తేమ ఎక్కువ, ఆమ్లం తక్కువ కాబట్టి, దాన్ని నూనెలో ముంచి గది ఉష్ణోగ్రతలో వదిలేస్తే ఆ బీజాలు మొలకెత్తి, నరాలను చచ్చుబరిచే విషాన్ని తయారుచేస్తాయి. రంగు, రుచి, వాసన ఏవీ మారకపోవచ్చు గనుక కొంచెం నాలుక మీద వేసుకుని చూద్దామనుకోవడం ఇక్కడ పనికిరాదు, పైగా ప్రమాదం. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో, ఫ్రిజ్‌లో పెట్టకుండా ఉంచిన నూనె వెల్లుల్లి తిని 36 మంది ఈ విషం బారిన పడ్డారు. గడ్డకు వర్తించే ఈ జాగ్రత్త కాడకూ అంతే వర్తిస్తుంది. నూనెతో కలిపి నూరుకోవాలనే ఉంటే, ఆ ముద్దను 4 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ చల్లదనంలో పెట్టి నాలుగు రోజుల్లోగా వాడేయండి. మిగిలేలా ఉంటే మొదటి రోజే ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. అలమార మాట మాత్రం మరచిపోండి.

వెనిగర్ పద్ధతిలో రక్షణ ఆమ్లం నుంచి వస్తుంది. ఆమ్లాన్ని కొలిచే పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6కు మించకపోతే ఆ బీజాలు మొలకెత్తలేవు. మీరు కొనే వెనిగర్ సీసా మీద ఆమ్లం ఎంత శాతమో చూడండి. 5 శాతం ఉంటే దానికి సమానంగా నీళ్లు కలపవచ్చు. 4 శాతం ఉంటే నీళ్లు కలపకుండా వాడటం మేలు. పులుపు మరీ ఎక్కువనిపిస్తే చక్కెర పెంచండి గాని నీళ్లు పెంచవద్దు. 5 శాతం వెనిగర్ అర లీటరుకు అర లీటరు నీళ్లు, 30 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల చక్కెర చేర్చి మరిగించండి. అయోడిన్ కలపని ఉప్పు అయితే ద్రవం తేటగా ఉంటుంది. వేడినీటితో శుభ్రం చేసిన గాజు సీసాల్లో కాడ ముక్కలను నిలువుగా, వదులు లేకుండా పేర్చి, మరిగిన ద్రవాన్ని వేడిగా ఉండగానే పోయండి. ఏ ముక్కా పైకి తేలకూడదు; తేలిన ముక్క మీదే బూజు మొదలవుతుంది. చల్లారాక మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలకు ఘాటు తగ్గి పులుపు లోపలికి పడుతుంది. రెండు మూడు నెలల్లో వాడుకోండి. దీన్ని బయట నిల్వ ఉండే పచ్చడిగా భావించవద్దు. పరీక్షించిన కొలతలు, సీసాను మరిగే నీటిలో ఉంచవలసిన సమయం ఖచ్చితంగా తెలియకుండా ఇంట్లో సీసాలకు సీలు వేయడాన్ని నేను ప్రోత్సహించను.

ఇక ఆ నీలం రంగు. వెల్లుల్లిని కోసినప్పుడు దానిలోని గంధక పదార్థాల మీద ఒక ఎంజైము పనిచేస్తుంది, అలా పుట్టిన పదార్థాలు ఆమ్లం సమక్షంలో అమైనో ఆమ్లాలతో కలిసి నీలం, ఆకుపచ్చ వర్ణాలుగా మారతాయి. చల్లని చోట ఎక్కువ రోజులు నిల్వ ఉన్న రెబ్బల్లో ఇది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. కాడలు పాచి రంగుకు తిరగడానికి కారణం వేరు: ఆమ్లం పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తొలగిస్తుంది. రెండు మార్పుల వల్లా హాని లేదు. ఒక్క మినహాయింపు ఉంది. వెనిగర్‌ను రాగి లేదా కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో మరిగించి ఉంటే, ఆ లోహం కరిగి కూడా నీలి ఛాయ వస్తుంది. అలాంటిదైతే మీరు పారబోయడమే సరైన పని. స్టెయిన్‌లెస్ స్టీలు, ఎనామెల్, గాజు తప్ప వేరే పాత్ర ముట్టుకోవద్దు. అల్యూమినియం కూడా ఆమ్లానికి పనికిరాదు. సీసాలో వేసే ముందు ముక్కలను ఒక నిమిషం మరిగే నీటిలో ముంచి తీస్తే ఆ ఎంజైము చాలావరకు చచ్చి నీలం తగ్గుతుంది, కాకపోతే కరకరలాడే గుణం కూడా కొంత పోతుంది. నేనైతే రంగునే వదులుకుంటాను.

ఉప్పు నీటిలో పులియబెట్టడం కూడా మంచి పద్ధతే. కాడలు, నీళ్లు కలిపిన బరువులో 2.5 శాతం ఉప్పు వేసి, ముక్కలు మునిగేలా బరువు పెట్టి, 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు ఉంచితే లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. అయితే పీహెచ్ మీటరు చేతిలో ఉన్నవారికే దీన్ని సూచిస్తాను.

వంటకైనా నిల్వకైనా మొదటి మెట్టు కాడ ఎంపిక. కాడ ఒక చుట్టు పూర్తిగా తిరిగినప్పుడు కోయాలి. ఆ తరువాత అది మళ్లీ నిటారుగా లేచి, లోపల పీచు కడుతుంది. పొడి వాతావరణంలో, పై ఆకుకు కాస్త ఎగువన కోస్తే గాటు త్వరగా ఆరుతుంది. లాగితే కాడ పొడవుగా వస్తుంది గాని, ఒక్కోసారి ఆకు తొడిమలు చినిగి మొక్క దెబ్బతింటుంది. ఇంటికి తెచ్చిన కాడను అడుగు చివర పట్టుకుని వంచుతూ పైకి రండి. ఫట్‌మని విరిగిన చోటు నుంచి మొగ్గ వరకు లేత భాగం. వంగి, నార సాగే భాగం ముదురు. మొగ్గకు పైనున్న సన్నని తోక ఎంత ఉడికినా నమలలేం, దాన్ని తీసేయండి. ముదురు ముక్కలను రసం దిగడానికి ఉడికించి, వడకట్టి, ఆ నీటిని చారులకు వాడుకోవచ్చు.

లేత ముక్కలను రెండంగుళాల పొడవున తరిగి, పెద్ద మంట మీద కొద్ది నూనెలో మూడు నాలుగు నిమిషాలు వేయిస్తే చాలు. అక్కడక్కడా మచ్చలు పడి, పళ్ల కింద ఇంకా కరకరమనేటప్పుడే దించాలి. చిక్కుడు వంటి కూరగాయల స్థానంలో వాడుకోవడానికి ఇవి సరిపోతాయి. వెల్లుల్లి ఘాటు కూరలో తెలియాలంటే చివరలో వేయండి, తీపి తేలాలంటే మొదటే వేసి మగ్గించండి. సన్నగా తరిగి కాసేపు వదిలేస్తే ఘాటు పెరుగుతుంది, ఎందుకంటే ఘాటునిచ్చే అల్లిసిన్ అనే పదార్థం కోశాకే తయారవుతుంది. ఎక్కువగా వస్తే అంగుళం ముక్కలుగా కోసి, పళ్లెంలో విడివిడిగా పరిచి గడ్డకట్టించి, గాలి చొరని డబ్బాలోకి మార్చండి. డబ్బా మూత గట్టిగా లేకపోతే ఫ్రీజర్‌లోని తక్కిన పదార్థాలన్నీ వెల్లుల్లి వాసన వేస్తాయి.

మీరు అడగని విషయం ఒకటి ఉంది. గడ్డ కోసం మందు కొట్టే రైతు కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలన్నది గడ్డను బట్టే లెక్కిస్తాడు. కాడ అంతకు మూడు నాలుగు వారాల ముందే వంటింటికి వస్తుంది, పైగా మందు నేరుగా దాని మీదే పడుతుంది. మీరు వాడిన పురుగుమందు, తెగులు మందు లేబుళ్లు తీసి, పిచికారీ చేసిన తేదీ పక్కన పెట్టుకుని చూడండి. వేచి ఉండవలసిన గడువు పూర్తి కాకపోయినా, పచ్చి ఆకు, కాడ తినే పంటకు ఆ మందు సిఫారసు లేకపోయినా ఆ మడిలోని కాడలను ఈ ఏడు తినడానికి వాడవద్దు. మనసొప్పకపోయినా అవి ఎరువు గుంటకే వెళ్లాలి. వచ్చే పంటలో ఒకటి రెండు వరుసలను మందు కొట్టకుండా కాడల కోసమే విడిగా ఉంచుకోండి.