నవోదయ పరీక్ష, ఐదో తరగతి పాప కడుపునొప్పి

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. మా పాప ఐదో తరగతి చదువుతోంది. చొప్పదండి నవోదయలో సీటు కోసం ఎండాకాలం సెలవులు అయినప్పటి నుంచి కోచింగ్‌కు పంపుతున్నాం. మొదట్లో ఇష్టంగానే వెళ్లేది. ఇప్పుడు ఆదివారం గ్రాండ్ టెస్ట్ అంటే చాలు, పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. ఇంట్లో చేయిస్తే బిట్లన్నీ కరెక్టే, టెస్టులో మాత్రం మార్కులు పడిపోతున్నాయి. ఇంకా గట్టిగా చదివించాలని వాళ్ల నాన్న అంటారు. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం నన్ను పట్టుకుని "అక్కడ నువ్వు ఉండవు కదమ్మా" అంటుంది. పరీక్షకు ఇంకా రెండు నెలలే ఉంది. టెన్షన్ లేకుండా ఎలా తయారు చేయాలి?

జవాబు: అమ్మా, ముందు పాపను ఒకసారి డాక్టరుకు చూపించండి. ఆదివారమే వస్తోంది కాబట్టి టెస్టు భయమేనని మనమే తేల్చేసుకోకూడదు. ఒంట్లో ఏమీ లేదని డాక్టరు చెబితే, అప్పుడు కూడా దాన్ని నాటకం అనకండి. పదేళ్ల పిల్లకు భయం నోటిమాటగా రాదు, కడుపులో నొప్పిగా వస్తుంది. ఆ నొప్పి నిజంగానే ఉంటుంది. "ఏం లేదు, లే, టైమైంది" అంటే తన బాధ ఎవరికీ పట్టలేదని అనుకుంటుంది. "నొప్పిగా ఉందా, కాసేపు నా దగ్గర కూర్చో, ఈ వారం టెస్టు లేకపోయినా ఏం కాదు" అని చూడండి. చాలామంది పిల్లలకు ఆ ఒక్క మాటతోనే సగం తగ్గుతుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఆపిన మాట చివర్లో రాసిన "అక్కడ నువ్వు ఉండవు కదమ్మా". మార్కులు తగ్గడానికీ ఈ మాటకూ సంబంధం ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. నవోదయ అంటే ఆరో తరగతి నుంచే హాస్టల్. మనకు అది ఉచిత చదువు, మంచి టీచర్లు, మంచి భవిష్యత్తు. పాపకు మాత్రం పరీక్ష బాగా రాస్తే అమ్మను వదిలి వెళ్లాలి అన్నదే అర్థమవుతోంది. బాగా చదువు అని మీరంటున్నారు, బాగా చదివితే వెళ్లిపోవాలని లోపల భయం చెబుతోంది. ఈ రెండింటి మధ్య నలుగుతున్న పిల్లకు ఇంకో వంద బిట్లు ఇస్తే ఉపయోగం లేదు.

అందుకే ముందు హాస్టల్ గురించే మాట్లాడండి. మీ ఊరి నుంచో పక్క ఊరి నుంచో చొప్పదండిలో చదువుతున్న పిల్లలు ఉంటే, వాళ్లు సెలవులకు వచ్చినప్పుడు ఇంటికి పిలవండి. మీరు పక్కన కూర్చోకుండా పాపను వాళ్లతో వదిలేయండి. అన్నం ఎలా ఉంటుంది, రాత్రి భయమేస్తే ఎవరిని లేపాలి, ఇంటికి ఫోన్ ఎప్పుడు చేయనిస్తారు అని పిల్లలు పిల్లల్నే అడుగుతారు. వీలుంటే స్కూలు ఆఫీసులో ముందుగా అడిగి, ఒకసారి తీసుకెళ్లి చూపించండి. ఆ తర్వాత ఇంట్లో ఒక మాట ఇవ్వండి: "నువ్వు పరీక్ష రాయి. సీటు వస్తే వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు ముగ్గురం కూర్చుని మాట్లాడుకుందాం, నీ మాట కూడా వింటాం." నిజంగా వినే ఉద్దేశం ఉంటేనే ఈ మాట ఇవ్వండి. ఇచ్చి తప్పితే ఆ తర్వాత మీరేం చెప్పినా నమ్మదు.

ఇక పరీక్ష సంగతి. దీన్ని మనం పెద్ద కొండలా చూపిస్తున్నాం గానీ, పాపకు ఐదు నిమిషాల్లో చెప్పేయొచ్చు. 80 బిట్లు, 100 మార్కులు, రెండు గంటలు. బిట్టుకు 1.25 మార్కులు. మెంటల్ ఎబిలిటీ 40 బిట్లు, లెక్కలు 20, భాష 20. తెలుగులోనే రాయొచ్చు. తప్పు రాస్తే మార్కులు కోయరు. ఈ చివరి సంగతి పాపకు తెలుసా అని అడిగి చూడండి. తెలియని బిట్టు దగ్గర భయంతో బిగుసుకుపోయే పిల్లలకు, తప్పయినా పోయేదేమీ లేదన్న మాట పెద్ద ఊరట.

సగం మార్కులు మెంటల్ ఎబిలిటీవి. అందులో బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు. అన్నీ బొమ్మలే. వేరుగా ఉన్న బొమ్మను పట్టుకోవడం, ఒకేలా ఉన్నదాన్ని వెతకడం, అద్దంలో ఎలా కనిపిస్తుందో చెప్పడం, కాగితం మడిచి రంధ్రం చేస్తే విప్పాక ఎలా ఉంటుందో ఊహించడం, ఇలాంటివి. గైడులో రెండు వందల బొమ్మలు చేయించే బదులు ఒక పాత నోటుబుక్కు కాగితం చేతికివ్వండి. నాలుగు మడతలు పెట్టి, మూలన పెన్నుతో పొడిచి, విప్పే ముందు "ఎన్ని రంధ్రాలు ఉంటాయి, ఎక్కడెక్కడ?" అని అడగండి. పాప చెప్పాక విప్పి చూడమనండి. తప్పు చెప్పినా మీరు చెప్పక్కర్లేదు, కాగితమే చూపిస్తుంది. అద్దం బొమ్మలకు ఇంట్లో తల దువ్వుకునే అద్దం చాలు. తన పేరు కాగితం మీద రాసి, అద్దంలో ఎలా ఉంటుందో ముందు గీసి, తర్వాత అద్దం పెట్టి సరిచూసుకోమనండి. రోజూ పావుగంట ఇలా ఆడిస్తే పేజీలకు పేజీలు చేయించినదానికంటే బాగా పట్టుబడుతుంది.

ఇంట్లో కరెక్టు, టెస్టులో తప్పు అన్నారు. దీనికి భయం ఒక కారణం అయితే రెండోది ఓఎంఆర్ షీటు (జవాబుకు ఎదురుగా ఉన్న గుండ్రాన్ని, అంటే బబుల్‌ను, పెన్నుతో దిద్దే కాగితం) అయి ఉండొచ్చు. వెనక్కి వచ్చిన టెస్టు పేపరు తీసి, పాప పేపర్లో గుర్తు పెట్టుకున్న జవాబులనూ షీటులో బబుల్ చేసినవాటినీ పక్కపక్కన పెట్టి చూడండి. నేను చూసిన చాలా షీట్లలో తప్పు ఇలా మొదలవుతుంది: పాపకు 23వ బిట్టు రాలేదు, వదిలేసి 24 చేసింది. జవాబు సి. కానీ షీటులో ఖాళీగా కనిపిస్తున్న వరుస 23వది. సి అక్కడ దిద్దేసింది. అక్కడి నుంచి వరుసగా అన్నీ ఒక మెట్టు పైకి జరిగిపోయాయి. ఎక్కడో 35 దగ్గర తేడా తెలిసేసరికి చేతులు చల్లబడతాయి. దిద్దినవి పెన్నుతో దిద్దినవి, చెరపడానికి లేదు. ఒకసారి ఇలా జరిగిన పిల్లకు మళ్లీ ఆదివారం వస్తోందంటే కడుపునొప్పి రాదా మరి?

ఇది తెలివితక్కువతనం కాదు, అలవాటు లేకపోవడం. ఐదో తరగతి పిల్లల్లో చాలామంది ఇంకా పెన్సిల్‌తోనే రాస్తుంటారు. ఈ పరీక్షలో పెన్సిల్ వాడకూడదు, నీలం లేదా నల్ల బాల్ పాయింట్ పెన్నే వాడాలి, ఒకసారి దిద్దింది మార్చుకోవడానికి ఉండదు. అందుకే కొన్ని ఖాళీ షీట్లు జిరాక్స్ తీయించి, చదువుతో పని లేకుండా ఉత్తి బబ్లింగ్ మాత్రమే నేర్పండి. మీరు "పదకొండు, బి... పన్నెండు, డి" అని చదవండి, పాప దిద్దుతుంది. మధ్యలో కావాలని ఒక నంబరు వదిలి చదవండి. ఆ వరుసను ఖాళీగా ఉంచి ముందుకు పోవడం అలవాటవుతుంది. ఇంకో చిన్న చిట్కా. మెంటల్ ఎబిలిటీలో ఒక్కో రకం నుంచి నాలుగేసి బిట్లు ఉంటాయి. నాలుగు చేసి, నాలుగూ దిద్ది, చివరి నంబరు మనసులో అనుకోమనండి: నాలుగు, ఎనిమిది, పన్నెండు. పన్నెండు అయ్యాక పెన్ను పదమూడు మీద లేకపోతే తప్పు అక్కడే దొరికిపోతుంది, ముప్పై ఐదు దాకా పోదు. రాని బిట్టు పక్కన పేపర్లో సున్నా చుట్టుకుని, చివరి ఐదు నిమిషాల్లో ఆ సున్నాల దగ్గరికి వచ్చి ఏదో ఒకటి దిద్దాలి.

టైము గురించి స్టాప్‌వాచ్ పెట్టి వెంటపడకండి. పరీక్ష మామూలుగా ఉదయం 11:30 నుంచి మధ్యాహ్నం 1:30 వరకు ఉంటుంది. హాల్ టికెట్ వచ్చాక మీ టైము అందులో సరిచూసుకోండి. మెంటల్ ఎబిలిటీకి గంట, లెక్కలకు అరగంట, భాషకు అరగంట అనుకుంటే పాప గుర్తుపెట్టుకోవాల్సింది రెండే: 12:30 కల్లా బొమ్మలు అయిపోవాలి, ఒంటిగంట కల్లా లెక్కలు అయిపోవాలి. ముల్లుల గడియారం తొందరలో చూడటం వచ్చో లేదో పరీక్షించండి, చాలామందికి రాదు. హాల్లో టైమెంతయిందని ఇన్విజిలేటర్‌ను అడగడం తప్పు కాదని కూడా చెప్పండి. పెద్దవాళ్లను అడగడానికి భయపడే పిల్లలు దాహమేసినా అడగరు.

భాష విభాగంలో నాలుగు పేరాలు, ఒక్కోదానికి ఐదు బిట్లు. జవాబులు చాలావరకు పేరాలోనే ఉంటాయి. దీనికి కోచింగ్ అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు ఒక కథ పాపతో పైకి చదివించుకుని, "వాడు ఎందుకలా చేశాడంటావ్?" అని మాట్లాడుకుంటే సరిపోతుంది. మీ దగ్గరే ఉండాలని తపిస్తున్న పిల్లకు ఆ పది నిమిషాలు చదువుకూ పనికొస్తాయి, మనసుకూ పనికొస్తాయి.

మీ వారితో కూడా మాట్లాడండి. ఆయనది పాప బాగుండాలన్న ఆరాటమే, అందులో అనుమానం లేదు. ఆ ఆరాటానికి ఒక పని అప్పజెప్పండి. ప్రతి టెస్టు తర్వాత తప్పులను పాపతో కలిసి మూడు కుప్పలు చేయమనండి: తెలియక పోయినవి, తొందరలో పోయినవి, బబ్లింగ్‌లో పోయినవి. తెలియనివి మాత్రమే మళ్లీ నేర్పాలి. క.సా.గు., భిన్నాలు, లాభనష్టాలు ఇలా ఏదో ఒకటి రెండు చోట్లే ఆగుతోందని తేలుతుంది. అప్పుడు "అన్నీ మళ్లీ చదువు" అనే మాట అవసరం ఉండదు. మార్కులు ఎన్ని, ర్యాంకు ఎంత అని ఇంట్లో ఎవరూ అడగొద్దు. వాట్సాప్ గ్రూపులో ర్యాంకులు పెడుతుంటే మీ పాప పేరు పెట్టొద్దని కోచింగ్ వాళ్లకు నేరుగా చెప్పండి. అది అడిగే హక్కు మీకుంది. స్కూలు అయ్యాక ఆట, అన్నం పోను రోజుకు గంట, మహా అయితే గంటన్నర చాలు. ఈ వయసు పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి చదివించే పద్ధతి ఉంటే ఇవాళే ఆపేయండి.

సీటు గురించి నిజం కూడా చెప్పుకుందాం. ఒక నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. అందులో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు ఉంటాయి కాబట్టి మీ పాపకు మంచి అవకాశమే ఉంది. అయినా రాసేవాళ్లు వేలల్లో ఉంటారు, బాగా చదివే పిల్లలకే రాకుండా పోతుంది. ఈ పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. రాకపోతే మళ్లీ ఐదో తరగతి చదివిద్దాం అని కొందరు సలహా ఇస్తారు, వినకండి. ఒకసారి రాసినవాళ్లను రెండోసారి అనుమతించరు, ఒక ఏడాది వృథా అవుతుంది. మోడల్ స్కూళ్లలో ఆరో తరగతికి వేరే పరీక్ష ఉంది. గురుకులాల్లో పై తరగతుల ఖాళీలకు కూడా పరీక్ష పెడుతుంటారు. నవోదయలోనే తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే ఎనిమిదిలో ఉన్నప్పుడు వేరే ఎంట్రన్స్ రాయొచ్చు. అప్పటికి పదమూడేళ్ల పిల్ల, హాస్టల్ మాట తనే ఎత్తొచ్చు. ఇవన్నీ పరీక్షకు ముందే పాప ముందు మాట్లాడుకోండి. రిజల్ట్ వచ్చాక చెబితే ఓదార్పులాగే వినపడుతుంది.

పరీక్ష రోజు తెలిసిన తిండే పెట్టండి, కొత్తవి వద్దు. ఒంటిగంటన్నర దాకా ఆకలి ఆగేలా తొమ్మిదిన్నర, పది మధ్య అన్నం తినిపించండి. ఇంట్లో వాడి చూసిన పెన్నులు రెండు ఇవ్వండి. గేటు బయటికి రాగానే కొందరు కీ పట్టుకుని లెక్కపెడుతుంటారు, అక్కడ ఆగకుండా ఇంటికి తీసుకొచ్చేయండి.

ఇక ఇప్పటికిప్పుడు చేయాల్సింది: వచ్చే రెండు ఆదివారాలు గ్రాండ్ టెస్టులు పూర్తిగా ఆపేయండి. మూడో ఆదివారం ఇంట్లోనే, మీ పక్కనే, మెంటల్ ఎబిలిటీ ఒక్కటే చేయించండి. అది హాయిగా జరిగితే ఆ పై వారం మొత్తం పేపరు. వారానికి ఒక్కటే, అంతకంటే వద్దు. ఇంత చేసినా కడుపునొప్పి తగ్గకపోతే కోచింగ్ మానిపించేయండి. కట్టిన ఫీజు గురించి ఆలోచించకండి. మిగిలిన తయారీ పైన చెప్పినట్టు ఇంట్లోనే చేయించుకోవచ్చు, పాప కూడా నిమ్మళంగా పరీక్ష రాస్తుంది.