వైర్లు తీశాక బాబు చెయ్యి చాచలేకపోతున్నాడు.. మాలిష్ చేయించాలా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. జారుడుబల్ల మీద నుంచి పడి కుడి మోచేతి పైన ఎముక విరిగింది. సుప్రాకాండిలార్ ఫ్రాక్చర్ అన్నారు. ఆపరేషన్ చేసి రెండు వైర్లు పెట్టారు, నాలుగు వారాలకు కట్టు విప్పి వాటిని తీసేశారు. ఇప్పటికి పది రోజులైంది. చెయ్యి సగమే వంగుతోంది, పూర్తిగా చాచలేకపోతున్నాడు. నూనె రాసి మాలిష్ చేయించకపోతే అలాగే బిగుసుకుపోతుందని మా అత్తమ్మ అంటున్నారు. నీళ్ల బకెట్ మోయిస్తే తిన్నగా అవుతుందని పక్కింటివాళ్లు చెబుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
- ఓ తల్లి, ఖమ్మం

సలహా: మాలిష్ వద్దు. బకెట్ అసలే వద్దు. నాలుగు వారాలు కదలకుండా ఉన్న కీలు పది రోజుల్లో మామూలైపోదు. చాలామంది పిల్లలకు రెండు మూడు నెలల్లో కదలిక చాలావరకు తిరిగి వస్తుంది. ఆ చివరి కాస్త చాపడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పట్టినా కంగారు పడక్కర్లేదు.

మోచేతి ముందువైపు కండరం ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది. దెబ్బ తిన్న ఆ కండరాన్ని గట్టిగా రుద్దినా, కీలును బలవంతంగా లాగినా కండరంలోనే కొత్తగా ఎముక ఏర్పడే ప్రమాదం ఉంది. దీన్ని మయోసైటిస్ ఆసిఫికన్స్ అంటారు. మీ అత్తమ్మగారు దేనికి భయపడుతున్నారో, మాలిష్ వల్ల అదే జరగొచ్చు. బకెట్ మోయిస్తే నొప్పికి పిల్లాడు చెయ్యి ఇంకా బిగబట్టేస్తాడు.

మీరు చేయాల్సిందల్లా తినిపించడం మానేయడమే. కుడిచేత్తోనే ముద్ద కలుపుకోనివ్వండి. మొదట్లో తల వంచి నోటినే చేతి దగ్గరికి తెచ్చుకుంటాడు, పోనుపోను చెయ్యే నోటిదాకా వెళ్తుంది. చొక్కా గుండీలు వాడే పెట్టుకోవాలి. వైర్లు ఉన్నచోట పుండు మానిపోయి ఉంటే గోరువెచ్చటి నీళ్ల టబ్బులో చేతులు పెట్టి ఆడుకోనివ్వండి. ఇంటికొచ్చిన ప్రతి చుట్టం ముందూ 'ఏదీ, చాచి చూపించు' అనకండి, పిల్లలకు అదో శిక్ష. ఫిజియోథెరపీ చాలామంది పిల్లలకు అవసరం పడదు. వారాలు గడిచినా కదలిక ఏమాత్రం పెరగకపోతే అప్పుడు మీ సర్జన్ చెబుతారు.

ఒకటి మాత్రం ఇప్పుడే చూడండి. బొటనవేలు, చూపుడువేలు కొనలు కలిపి సున్నా చుట్టమనండి. చుట్టలేకపోతే నరం దెబ్బతిని ఉండొచ్చు. చాలావరకు కొన్ని నెలల్లో దానంతటదే కోలుకుంటుంది, అయినా డాక్టర్‌కు చెప్పాలి. చెయ్యి బాగా చాపగలిగాక రెండు చేతులూ పక్కపక్కన పెట్టి పోల్చండి. కుడిచెయ్యి మోచేతి దగ్గర ఒంటివైపు వంకరగా కనిపిస్తే, పెరిగేకొద్దీ సర్దుకుంటుందని వదిలేయకండి. ఈ ఎముక పొడవు పెరిగేది ఎక్కువగా భుజం వైపు నుంచి, మోచేతి వైపు పెరుగుదల 20 శాతమే. అందుకే ఈ వంకర తనంతట తాను పోదు.

ఇంకా కట్టులోనే ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. మందు వేసినా నొప్పి పెరుగుతూనే ఉన్నా, వేళ్లు చాపబోతే పిల్లలు కెవ్వుమంటున్నా, వేళ్లు పాలిపోయి చల్లబడినా, తిమ్మిరెక్కినా తెల్లవారేదాకా ఆగకండి. కట్టు బిగుసుకుని లేదా లోపల వాపు పెరిగి రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే ముంజేతి కండరాలు చచ్చిపోతాయి. వెదురు బద్దలు పెట్టి బిగించే నాటుకట్టుతో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

మీ బాబుకు వచ్చే ఎక్స్‌రే చూసి డాక్టర్ సరేననేదాకా సైకిల్, జారుడుబల్ల వద్దు. స్కూలుకు పంపొచ్చు, బ్యాగు మాత్రం ఆ చేత్తో మోయనివ్వకండి.