కాఫీ పాడ్ పారేసే ముందు చిల్లు ఎక్కడుందో చూడండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో హార్లిక్స్ సీసా పోపుల సీసా అవుతుంది, నూనె డబ్బా తులసి కుండీ అవుతుంది. ఆ అలవాటుతో అమెరికా వచ్చినవాళ్లకి, ఒక్క కప్పు కాఫీ కోసం వాడి పారేసే పాడ్‌ని (కాఫీ పొడి నింపి మూసిన చిన్న కప్పు, మెషీన్ దాన్ని పొడిచి లోపలికి వేడినీళ్లు పంపుతుంది) చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఇద్దరు రోజుకి రెండేసి కప్పులు తాగితే నెలకి 120 పాడ్‌లు. "వీటితో ఏటి చెయ్యాలి?" అంటే, చాలానే చెయ్యొచ్చు. కాకపోతే పాడ్ దేనితో చేసిందో, మెషీన్ దాన్ని ఎక్కడ పొడిచిందో ముందు చూసుకోవాలి.

క్యూరిగ్ కంపెనీ మెషీన్లలో వాడే కె-కప్ అనే పాడ్ పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్. అడుగున 5 అంకె ఉంటుంది. మూత రేకుకి మెషీన్‌ని బట్టి ఒకటో కొన్నో చిల్లులు, అడుగున ఒక చిల్లు పడతాయి. లోపల అంచుకి అతికించిన వడపోత గుడ్డలాంటిది ఉంటుంది. నెస్‌ప్రెస్సో కంపెనీ 'ఒరిజినల్' రకం పాడ్ అల్యూమినియం, దాని సన్నటి కొసన మూడు చిల్లులు. నెస్‌ప్రెస్సోలోనే వెర్చువో రకానికి చిల్లులన్నీ మూత రేకు వైపే పడతాయి, గుండ్రటి గిన్నె చెక్కుచెదరదు. అంటే నీళ్లు కారాల్సిన పనికి కె-కప్, నిలవాల్సిన పనికి వెర్చువో.

కాఫీ దిగిన వెంటనే మూత పీకకండి. లోపల సలసల కాగిన నీళ్లుంటాయి, చెయ్యి కాలుతుంది. ఒక పూట ఆరనిస్తే పిప్పి ముద్దగా ఊడొస్తుంది. రెండు మూడు రోజులు వదిలేస్తే మాత్రం బూజు పట్టేస్తుంది. మూత చిల్లులో చిన్న చాకు మొన దూర్చి అంచు వెంబడి కోయండి. అల్యూమినియం అంచు బ్లేడులా ఉంటుంది, పిల్లల చేతికివ్వకండి.

కె-కప్పుకి అన్నిటికన్నా బాగా కుదిరే పని నారు పోయడం. అడుగు చిల్లు నీళ్లు దిగడానికి సరిపోతుంది, వడపోత మట్టిని జారనివ్వదు, కాబట్టి దాన్ని పీకొద్దు. విత్తనాలు మాత్రం ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకోవద్దు. తగిన పత్రాలు లేని విత్తనాల్ని విమానాశ్రయంలో తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే జరిమానా కూడా పడొచ్చు. గోంగూర, బచ్చలి, మిరప విత్తనాలు అమెరికాలోనే కొనుక్కోండి.

కప్పులో నారు మట్టి తడిపి, అంచుకి కొంచెం కిందవరకు నింపండి. రాత్రంతా నానబెట్టిన గోంగూర గింజలు కప్పుకి రెండు చొప్పున, సెంటీమీటరు లోతున పెట్టండి. కప్పుల్ని ట్రేలో పేర్చి, ట్రేలోనే సెంటీమీటరు నీళ్లు పోసి, 20 నిమిషాల తర్వాత మిగిలింది ఒంపేయండి. పైనుంచి పోస్తే గింజ కదిలిపోతుంది. వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో మొలుస్తాయి. చలికాలంలో కిటికీ అద్దం పక్కన మట్టి చల్లబడి గింజ కుళ్లిపోతుంది, మొలిచేదాకా గదిలో వెచ్చని మూల ఉంచి, మొలవగానే దక్షిణం కిటికీకి మార్చండి. మొక్క తీగలా సాగిందంటే వెలుగు చాలలేదని. మొదలు నల్లబడి వాలిపోయిందంటే నీళ్లు ఎక్కువైనట్టు. కప్పులో మట్టి గుప్పెడు కూడా ఉండదు, చప్పున ఎండిపోతుంది, రోజూ వేలితో తడి చూడాలి. మొలకతో వచ్చే జత ఆకుల తర్వాత అసలు ఆకులు రెండు రాగానే కప్పుని పక్కల నుంచి నొక్కి, మట్టి ముద్దతో సహా పెద్ద కుండీలోకి దించండి. బయట పెట్టడానికి మంచు భయం పోవాలి: డల్లాస్‌లో మార్చి చివర, న్యూజెర్సీలో మే నడిమికి. కొత్తిమీర, మెంతి నేరుగా పెద్ద కుండీలోనే చల్లండి, వాటికి వేరు కదిపితే గిట్టదు.

పాడ్‌లోని పిప్పిని నారు మట్టిలో కలపొద్దు. అందులో మిగిలిన కెఫీన్ మొలకని అణుస్తుంది. ఎదిగిన మొక్కల కుండీల్లో పలచగా చల్లి మట్టిలో కలపండి. మందంగా పోస్తే పెచ్చులా గట్టిపడి నీళ్లు దిగవు. హాట్ చాక్లెట్ పాడ్‌లలో పంచదార ఉంటుంది, చీమలొస్తాయి, అవి కుండీకి పనికిరావు.

సంక్రాంతికి వడపోత పీకేసిన కె-కప్పు ముగ్గు గొట్టంలా పనిచేస్తుంది. అడుగు చిల్లుని వేడి చేసిన మేకుతో మూడు నాలుగు మిల్లీమీటర్లకి పెద్దది చేసి, వేలితో మూసుకుని ముగ్గు నింపి, వేలు తీస్తూ గీత లాగడమే. ఒట్టి బియ్యప్పిండి చిల్లులో అడ్డుపడుతుంది. జల్లించి, అంతే కొలత సన్నటి ఉప్పు కలిపితే జారుతుంది. గీతలు మన పెద్దమ్మల వేళ్లంత సన్నగా రావు, కానీ చలికి వేళ్లు కొంకర్లుపోయే చోట ఇదే సుఖం. వెర్చువో గిన్నెలు పసుపు కుంకాలకి, పిల్లల రంగులకి సరిగ్గా సరిపోతాయి. దీపాలు మాత్రం పెట్టకండి. పైపూత కాలి పొగొస్తుంది, తేలికపాటి గిన్నె నూనెతో సహా ఒరిగిపోతుంది. దీపావళికి ఒరిజినల్ పాడ్‌ల చిల్లుల్లోంచి చిన్న ఎల్‌ఈడీ బల్బులు దూర్చి దండ కట్టండి.

అదే పాడ్‌లో మళ్లీ పొడి నింపి కాఫీ తియ్యొచ్చా? కె-కప్పులో ఒకటి రెండుసార్లు తియ్యొచ్చు. రెండు పెద్ద చెంచాలు, అంటే సుమారు పది గ్రాములు, ఒత్తకుండా నింపి సిలికాన్ మూత పెట్టాలి. పాత చిల్లు కింది సూది మీదకే వచ్చేలా అమర్చాలి, లేదంటే రెండో చిల్లు పడి పొడి దిగిపోతుంది. కొత్తవలసలో రైలెక్కితే వచ్చే అరకు కాఫీ పొడి అయినా సరే, మధ్యస్థంగా మరపట్టిందే వాడండి. చికోరీ కలిసిన మెత్తటి ఫిల్టర్ పొడి తడిసి బంకలా మారి వడపోతని మూసేస్తుంది, కాఫీ అంచుల్లోంచి పొంగుతుంది. రోజూ ఇదే పనైతే, కడిగి వాడుకునే స్టీలు జల్లెడ పాడ్ కొనుక్కోవడం మేలు.

అల్లం వెల్లుల్లి, చింతపండు గుజ్జు కె-కప్పుల్లో, ఒరిజినల్ పాడ్‌లలో గడ్డకట్టించాలని చూడకండి, చిల్లులోంచి ఫ్రీజరంతా కారుతుంది. మిగిలిపోయిన నెస్‌ప్రెస్సో పాడ్‌ల్ని పిప్పితో సహా కంపెనీ ఇచ్చే సంచిలో వేసి తిరిగి పంపండి. కె-కప్పుల మూత, పిప్పి తీసేసి కడిగి, మీ ఊళ్లో 5 అంకె ప్లాస్టిక్ తీసుకుంటారో లేదో మున్సిపాలిటీ జాబితాలో చూసి, తీసుకుంటామంటేనే రీసైక్లింగ్ డబ్బాలో వేయండి.