నీలి జాడీ మీద గిట్టల జంతువు: అది డ్రాగన్ కాదు, కిలిన్

ఎడిన్‌బరా పాతసామాన్ల షాపులో కొన్న చైనా జాడీ మీదున్నది డ్రాగనేనా, అడుగున నాలుగక్షరాల కాంగ్షీ ముద్ర (మూడొందల ఏళ్ల కిందటి చైనా చక్రవర్తి కాంగ్షీ పేరు) ఉంది కాబట్టి మూడొందల ఏళ్లనాటిదేనా అని అడిగారు. ఒళ్లంతా పొలుసులు, చీలిన గిట్టలు అని మీరే రాశారు. గిట్టలుంటే అది కిలిన్, చైనా కథల్లోని కల్పిత జంతువు.

నేను లండన్‌లో ఉంటాను, ఈ పింగాణీ పిచ్చి చాలా ఏళ్లుగా ఉంది. వేలానికి ముందు సరుకు చూడనిస్తారు కదా, అక్కడ చేత్తో పట్టుకుని చూసీ చూసీ నాకు పట్టుబడిందేమిటంటే, తల చూసి ఏదీ తేల్చకూడదు. చైనాలో పింగాణీకి పేరుపడ్డ ఊరు జింగ్‌డెజెన్‌లో చిత్రకారులు చాలాసార్లు కిలిన్‌కి కూడా డ్రాగన్ తలే పెట్టేశారు. కాళ్లూ తోకా చూడండి. గోళ్లుంటే డ్రాగన్. పంజాలుండి, పక్కన రిబ్బన్లు కట్టిన బంతి ఉంటే సింహం. మూతి తొండంలా పైకి లేచి, నోట్లో తామర తీగ, వెనక ఆకుల్లా చుట్టుకున్న తోక ఉంటే మన గుళ్లలో మకర తోరణం మీద చూసే మకరానికి చుట్టం. బౌద్ధంతో పాటు అంత దూరం వెళ్లి, 15వ శతాబ్దపు మింగ్ వంశకాలం చైనా పాత్రల మీద రెక్కలు కూడా తెచ్చుకుంది! నాకైతే అన్నిటికన్నా అదే ఇష్టం.

కిలిన్ శుభశకునం, మంచి రాజు ఏలుతుంటేనే కనిపిస్తుందని నమ్మకం. 1414లో బెంగాల్ సుల్తాను చైనా యోంగ్‌లె చక్రవర్తికి జిరాఫీని పంపితే, ఆస్థానంలో దాన్నే కిలిన్ అని పొగిడారు. అయినా పింగాణీ మీద కిలిన్‌కి జిరాఫీ మెడ రాలేదు, పాత పొలుసుల రూపమే నిలిచింది.

డ్రాగన్‌కి ఐదు గోళ్లుంటే చక్రవర్తి వాడిన వస్తువేనని షాపుల్లో చెబుతుంటారు. నియమం ఉన్న మాట నిజమే కానీ, తర్వాతి కాలంలో ఎవరు పడితే వాళ్లు వేశారు. ఇక్కడ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న డేవిడ్ జాడీలు (సేకరించిన పర్సివల్ డేవిడ్ పేరు మీద అలా అంటారు) ఒక గుడికి సమర్పించినవి, 1351 నాటివని వాటి మీదే రాసుంది. వాటి డ్రాగన్లకు నాలుగేసి గోళ్లే.

ఇక ముద్ర. దాని మీద ఆశ పెట్టుకోకండి. 1677లో జింగ్‌డెజెన్ అధికారి పింగాణీ మీద చక్రవర్తి పేరు రాయొద్దన్నాడు. అందుకే అసలు కాంగ్షీ కాలపు పాత్రల్లో చాలావాటికి అడుగున ఖాళీగా రెండు వలయాలో, ఒక ఆకు బొమ్మో ఉంటుంది. నాలుగక్షరాల కాంగ్షీ ముద్ర, కిలిన్ బొమ్మ కలిసి వచ్చాయంటే నేను ముందు అనుకునేది 19వ శతాబ్దం చివరి సరుకనే. అదీ పాతదే, చెత్తేం కాదు. గ్లేజ్ (గాజులాంటి పూత) లేని అడుగు అంచును పగటి వెలుతురులో ఫోటో తీసి పెట్టండి, చూసి చెబుతాను. కాంగ్షీ ధర కట్టి కొనుంటే మాత్రం బిల్లు పట్టుకుని వెంటనే షాపుకెళ్లి మాట్లాడండి.