సందేహాలు – సమాధానాలు: రెండూ పత్తే, మరి కాయ ఎందుకు నిలవదు?

ప్రశ్న: విత్తన పత్తిలో క్రాసింగ్ మాకు రోజువారీ పని. బెట్టకూ రసం పీల్చే పురుగుకూ ఓర్చుకుంటుందని దేశవాళీ పత్తి పుప్పొడిని అమెరికన్ పత్తికి రుద్ది చూశాం. కాయలు రాలిపోయాయి. రెండూ పత్తే కదండీ? (గద్వాల)

జవాబు: పేరు పత్తే గానీ జాతులు వేరు. మన దేశవాళీది గాసిపియం ఆర్బోరియం, కణానికి 26 క్రోమోజోములు. అమెరికన్‌ది గాసిపియం హిర్సుటం, 52. గింజ కట్టడం మొదలైనా పిండానికి తిండి పెట్టే అంకురచ్ఛదం సరిగా ఎదగదు, కాయ రాలుతుంది. అమెరికన్ పత్తిని ఆడ మొక్కగా పెట్టి మంచి పని చేశారు, తిరగేస్తే ఇంకా కష్టం. పరిశోధన కేంద్రాల్లో కాయకు జిబ్బరెలిక్ ఆమ్లం (మొక్కల ఎదుగుదల హార్మోను) పట్టించి నిలబెడతారు. లేదా లేత పిండాన్ని తీసి సీసాలో పెంచుతారు.

అలా దక్కిన మొక్క పూస్తుంది గానీ కాయదు. దానికి వచ్చేవి 39 క్రోమోజోములు. ఆర్బోరియం ఇచ్చిన 13కు హిర్సుటం ఇచ్చిన 26లో 13 జోడు దొరుకుతాయి, మిగతా 13 ఒంటరివి. పుప్పొడి తయారయ్యేటప్పుడు అవి ఎటుపడితే అటు చెదిరి పుప్పొడి తాలు పోతుంది. లేత మొలక కొసకు సుమారు 0.1 శాతం కోల్చిసిన్ ద్రావణం పట్టిస్తే క్రోమోజోములు రెట్టింపై 78 అవుతాయి. ప్రతిదానికీ జోడు ఉంటుంది కనుక మొక్క కాస్తుంది. కోల్చిసిన్ విషం, చేలో ప్రయోగాలు వద్దు.

అసలు తమాషా ఏమిటంటే, మీ అమెరికన్ పత్తి పుట్టిందే ఇలా. సుమారు 10–20 లక్షల ఏళ్ల కిందట ఆర్బోరియం కుదురుకు చెందిన పత్తీ, అమెరికా ఖండపు అడవి పత్తీ కలిశాయి. 13కు 13 చేరి, రెట్టింపై 52 అయ్యాయి.

ప్రశ్న: వరలక్ష్మి హైబ్రిడ్ కూడా రెండు జాతుల సంకరమేనట. అది కాసింది కదా! (గుంటూరు)

జవాబు: నిజమే. 1972లో ధార్వాడలో వచ్చిన వరలక్ష్మి హిర్సుటం, బార్బడెన్స్ అనే మరో పత్తి జాతుల సంకరం. రెండింటికీ 52 కనుక మొదటి తరం దివ్యంగా కాస్తుంది. ఆ గింజే దాచి మళ్లీ వేస్తే గిడసబారినవీ, సరిగా కాయనివీ తేలతాయి. జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ జాతికి 1942లో చెప్పిన నిర్వచనంలో ఉన్నది ‘ప్రకృతిలో తమలో తాము జతకట్టే గుంపు’ అని. మనిషి చేత్తో రుద్దిన పుప్పొడికి అది వర్తించదు. మొదటి తరం కాయడం కన్నా రెండో తరం చెడడమే జాతి తేడాకు గట్టి ఆనవాలని మా అభిప్రాయం.

ప్రశ్న: బంగినపల్లి, చిన్నరసం వేర్వేరు జాతులా? (నూజివీడు)

జవాబు: కాదు, ఒకే జాతిలో రెండు రకాలు. అంటు కడుతున్నాం కనుక వేరుగా నిలిచాయి.

ప్రశ్న: కొత్త జాతి పుట్టడం ఎవరైనా చూశారా? (హైదరాబాద్)

జవాబు: దాదాపు చూసినట్టే. 20వ శతాబ్దం తొలినాళ్లలో ఐరోపా నుంచి ట్రాగోపోగాన్ అనే పూల మొక్కల్లో మూడు జాతులు అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం వైపు చేరాయి. ఒక్కోదానికి 12 క్రోమోజోములు. వాటి మధ్య పుట్టి 24 క్రోమోజోములతో నిలిచిన రెండు కొత్త జాతులకు 1950లో వృక్షశాస్త్రవేత్త మారియన్ ఔన్‌బీ పేర్లు పెట్టారు. ఇవి ఒక్కసారి కాదు, వేర్వేరు చోట్ల పదేపదే పుట్టాయి. వాటిలో మిసెల్లస్ అనే జాతికి పుల్‌మన్ ఊళ్లో మాత్రం తల్లీ తండ్రీ తారుమారు. అక్కడి పూలకు రేకలు పొడవు, మిగతా చోట్ల పొట్టి. పేరు మాత్రం ఒక్కటే.