క్లాసుల చెట్టు గీసే ముందు
మారతహళ్లి, బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ సరుకు రవాణా ప్రోగ్రాం కోసం, ఏ క్లాసు (ఒక రకం వస్తువుకు ప్రోగ్రాంలో రాసే నమూనా) దేని నుంచి వారసత్వం తీసుకుంటుందో గీసి నువ్వు పంపిన బొమ్మ చూశాను. వ్యక్తి కింద డ్రైవరు, కస్టమరు, గిడ్డంగి మేనేజరు. వాహనం కింద లారీ, ఆటో, బైకు. ఆ రెండింటి పైన ఇంకో తాత క్లాసు. మీ తాతగారి ఇంట్లో గోడకు వేలాడే వంశవృక్షం గుర్తొచ్చి నవ్వుకున్నాను. కాలేజీలో నేర్పింది అదే కనుక తప్పు నీది కాదు. కానీ డేటాబేసులో ఉండేవి టేబుళ్లు, వరసలు, వాటి మధ్య తాళ్లు. చాలా డేటాబేసులకు వారసత్వం అనే మాట తెలియదు. నువ్వు పైథాన్‌లో రాసిన బంధుత్వాన్ని జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఏదో ఒక రకం టేబుళ్లుగా మార్చాల్సిందే. ఏ రకంగా మారుస్తుందో తెలియకుండా చెట్టు గీయకు.

జాంగోలో ఇందుకు మూడు దారులున్నాయి. క్లాసు లోపల సెట్టింగులు రాసే మెటా అనే భాగంలో అబ్‌స్ట్రాక్ట్ ట్రూ అని రాస్తే తల్లి క్లాసుకు టేబుల్ ఉండదు, దాని కాలమ్‌లు ప్రతి పిల్ల టేబుల్లోకీ వెళ్తాయి. ఏమీ రాయకుండా మామూలు మోడల్ (టేబుల్‌గా మారే క్లాసు) నుంచి వారసత్వం తీసుకుంటే తల్లికొక టేబుల్, పిల్లకొక టేబుల్, మధ్యలో ఒక వరసకు ఒకే వరసను కట్టే వన్ టు వన్ తాడు. మూడోది ప్రాక్సీ. అందులో టేబుల్ పాతదే, పైథాన్‌లో ప్రవర్తన మాత్రం మారుతుంది.

నీ బొమ్మలో ఉన్నది రెండో దారి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. నేనూ ఒకప్పుడు అలాగే కట్టాను. మా దగ్గర ఉద్యోగి మానేస్తే అతని ఉద్యోగి వరసను తీసేసేవాళ్లం. పిల్ల వరస తీసేస్తే జాంగో తల్లి వరసనూ తీసేస్తుందని మాకు తట్టలేదు. వ్యక్తి వరస పోయింది, దానికి కట్టిన చిరునామాలు కూడా దానితోపాటే పోయాయి. ఆ రాత్రంతా బ్యాకప్ నుంచి ఏరుకున్నాం. తల్లి వరసను ఉంచేయమని చెప్పే కీప్ పేరెంట్స్ అనే ఆప్షన్ డిలీట్‌కు జాంగో 1.9 నుంచి ఉంది. కానీ దాన్ని గుర్తుపెట్టుకుని వాడాల్సిన పరిస్థితి వచ్చిందంటేనే కట్టడం సరిగ్గా లేదని నా లెక్క. పైగా డ్రైవర్ల జాబితా అడిగిన ప్రతిసారీ పిల్ల టేబుల్‌నూ పై టేబుళ్లనూ కలిపి చదవడం, అంటే జాయిన్, తప్పదు.

అసలు డ్రైవరు అనేది మనిషి జాతి కాదమ్మా, మనిషి చేసే పని. మీ డ్రైవరు రేపు మీ దగ్గరే సరుకు బుక్ చేస్తే కస్టమరు కూడా అవుతాడు. అందుకని వ్యక్తికి ఒకే టేబుల్ పెట్టి, పాత్రలకు వేరే టేబుల్ పెట్టు. వాహనాలదీ దాదాపు అంతే. ఇన్సూరెన్స్ గడువు దగ్గరపడినవి చూపించమంటే లారీ, బైకు కలిపే అడుగుతారు కదా? తేడా రెండు మూడు కాలమ్‌లే అయితే ఒకే టేబుల్ పెట్టి, రకం అనే కాలమ్ చేర్చు. బైకుకు టన్నుల కాలమ్ ఖాళీగా ఉంటుంది, ఉండనీ. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ (పైథాన్‌ను డేటాబేసుకు కలిపే మరో లైబ్రరీ) వాళ్లు దీన్నే సింగిల్ టేబుల్ ఇన్హెరిటెన్స్ అంటారు.

మరి అబ్‌స్ట్రాక్ట్ దేనికి? చేర్చిన సమయం, మార్చిన సమయం, మార్చినవారు వంటివి ప్రతి టేబుల్లో రాసి విసుగెత్తినప్పుడు. రెండు జాగ్రత్తలు. వేరే టేబుల్ నుంచి అబ్‌స్ట్రాక్ట్ క్లాసు వైపు ఫారిన్ కీ (ఇంకో టేబుల్ వరసకు కట్టే తాడు) పెట్టలేవు, ఎందుకంటే అవతల టేబులే లేదు. అబ్‌స్ట్రాక్ట్ క్లాసు లోపల ఫారిన్ కీ రాసి, అవతలి టేబుల్ వైపు నుంచి పిలిచే రిలేటెడ్ నేమ్ ఇస్తే, అందులో ఒక్కో పిల్ల క్లాసు పేరు దానంతటదే పడే గుర్తు వాడు. లేకపోతే పిల్లలందరికీ ఒకే పేరు పడి జాంగో మొరాయిస్తుంది.

ఇంకొకటి, కొత్తవాళ్లు తరచూ తికమకపడేది. పైథాన్ ఏబీసీ మాడ్యూల్‌లోని అబ్‌స్ట్రాక్ట్ వేరు. అక్కడ పూర్తిచేయని మెథడ్ (క్లాసు చేయాల్సిన పని) ఉంటే ఆబ్జెక్టు చేయబోయినప్పుడు టైప్ ఎర్రర్ వస్తుంది. జాంగో అబ్‌స్ట్రాక్ట్ అంటే టేబుల్ వద్దని చెప్పడమే. రెండూ కావాలని ఒకే క్లాసుకు నేరుగా తగిలించావో, మెటాక్లాస్‌ల (క్లాసులను తయారుచేసే క్లాసుల) గొడవ మొదలవుతుంది.

మైగ్రేషన్ (టేబుళ్లను డేటాబేసులో నిజంగా తయారుచేసే దశ) నడిపే ముందు, అది పంపబోయే వాక్యాలను చూపించే ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ కమాండ్ కొట్టి, వచ్చిన క్రియేట్ టేబుల్ వాక్యాలు నోటితో చదువు. నేనిప్పటికీ చదువుతాను, పక్క సీటువాళ్లు నవ్వినా సరే.

ఈ శనివారం చెన్నై నుంచి బృందావన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చేయ్. కంటోన్మెంటులో దిగితే నేనే వచ్చి తీసుకెళ్తాను. ఆ బొమ్మ కాగితం మీద తెచ్చుకో, కొట్టివేతలు చాలా ఉంటాయి.

మీ మామయ్య