నేపాల్ కరెంటు మనకెందుకు అంటే... నేను అక్కడ ఉండి చూసింది చెప్తాను

"కర్నూలు దగ్గర అంత పెద్ద సోలార్ పార్కు ఉంది, సింగరేణి బొగ్గు ఉంది. మళ్లీ నేపాల్ నుంచి కరెంటు కొంటామని ఒప్పందాలు ఎందుకు? మనకేం లాభం?" అని మీలో ఒకరు అడిగారు.

నేను ఇంజినీర్‌ని కాదు. మా వారి ఉద్యోగం వల్ల 2013 నుంచి 2018 దాకా ఖాట్మండు పక్కనున్న లలిత్‌పూర్‌లో ఉన్నాం. అక్కడే ఒక స్కూల్లో లెక్కలు చెప్పాను. మా వంటింటి గోడకి క్యాలెండర్ పక్కన ఒక కాగితం ఎప్పుడూ అంటించి ఉండేది. దాన్ని 'తాలికా' అంటారు. ఊరిని ఏడు గ్రూపులు చేసి, ఏ గ్రూపుకి ఏ రోజు ఏ వేళల్లో కరెంటు ఉండదో అందులో వేసేవాళ్లు. చలికాలంలో నదుల్లో నీళ్లు తగ్గేకొద్దీ కోత గంటలు పెరిగేవి. చంటిపిల్లల నోట కూడా "బత్తి గయో" (కరెంటు పోయింది), "బత్తి ఆయో" (కరెంటు వచ్చింది) అనే మాటలే ముందు వచ్చేవి.

2015 సెప్టెంబర్‌లో కొత్త రాజ్యాంగం వచ్చింది. మన సరిహద్దుని ఆనుకుని ఉన్న తరాయి ప్రాంతంలో ఆందోళనలు మొదలై సరిహద్దు దగ్గర లారీలు ఆగిపోయాయి. గ్యాస్ లేదు, పెట్రోలు లేదు. సగం నింపిన సిలిండర్ కోసం కూడా రోజుల తరబడి క్యూ. లారీలు ఆపింది ఇండియానే అని అక్కడి వాళ్ల కోపం. ఆ క్యూలో నేను ఇండియా మనిషినని తెలిసి ఒకాయన మొహం తిప్పుకున్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఇంటి ఓనరమ్మని నేను దీదీ అనేదాన్ని. ఆవిడ మాత్రం ఒక్క మాట కూడా అనలేదు. డాబా మీద కట్టెల పొయ్యి పెట్టి, "బహినీ (చెల్లీ), నీ అన్నం కూడా ఇక్కడే వండుకో" అంది.

గ్యాస్ లేకపోయేసరికి ఊరంతా ఇండక్షన్ స్టవ్‌లు కొన్నారు, మేమూ కొన్నాం. కానీ స్టవ్ వెలగాలంటే కరెంటు ఉండాలి కదా! సంక్రాంతికి అరిసెలు చేయాలని నా పట్టుదల. అక్కడా అదే రోజు మాఘే సంక్రాంతి, నువ్వుల లడ్డూలు చేస్తారు. తాలికా ప్రకారం ముందు రోజు రాత్రి పదకొండు తర్వాతే మాకు కరెంటు. మన గుండ్రటి బాణలి ఇండక్షన్ మీద పనికిరాదని దీదీ దగ్గర అడుగు చదునుగా ఉన్న స్టీలు గిన్నె తెచ్చుకున్నాను. పదకొండు దాటాక బత్తి వచ్చింది. మిక్సీలో తడి పిండి పట్టి జల్లించి, బెల్లం పాకం పెట్టాను. పాకం ఉండకట్టే సమయానికి బయట ఢామ్మని చప్పుడు. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. ఇన్ని గంటలు ఎదురుచూసి వీధి వీధంతా ఒకేసారి ఇండక్షన్ పెడితే అది మాత్రం ఎంత లోడు మోస్తుంది? టార్చిలైటు వేసి చూస్తుండగానే గిన్నెలో పాకం రాయిలా బిగిసిపోయింది. ఆ పండక్కి మా ఇంట్లో అరిసెలు లేవు. దీదీ ఇచ్చిన నువ్వుల లడ్డూలే దేవుడి దగ్గర పెట్టాను.

ఆ తర్వాత నెలలోనే, 2016 ఫిబ్రవరిలో, బిహార్‌లోని ముజఫర్‌పూర్ నుంచి నేపాల్‌లోని ఢల్కేబర్ దాకా వేసిన లైను మొదలైంది. 400 కేవీకి (కిలోవోల్టులకి) కట్టిన లైను, మొదట 132 కేవీ మీద నడిపి 80 మెగావాట్లు పంపారు. సెప్టెంబర్‌లో కుల్‌మాన్ ఘిసింగ్ అక్కడి విద్యుత్ సంస్థ బాధ్యతలు తీసుకున్నారు. ఆ దీపావళికి ఖాట్మండులో కరెంటు పోలేదు. మర్నాడూ పోలేదు. వారం గడిచాక దీదీ తాలికా చింపేసింది. జనం కుల్‌మాన్‌ని దేవుడిలా చూశారు. సరఫరా సర్దడంలో ఆయన సమర్థుడే, కాదనను. కానీ ఆ వెలుగులో పెద్ద వాటా ఆ తీగదే అని నా గట్టి నమ్మకం. నాలుగు నెలలు సరిహద్దు మూసుకుంటే ఏమవుతుందో చూశాను. అదే సరిహద్దు మీదుగా ఒక్క లైను వస్తే ఏమవుతుందో కూడా చూశాను.

ఇది మనకి తెలియని కష్టమేమీ కాదు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడేలు గుర్తున్నాయా? గుంటూరులో మా బావగారి జిన్నింగ్ మిల్లు వారంలో సగం రోజులు మూతే. కూలీలు గేటు దగ్గర కూర్చుని వెళ్లిపోయేవాళ్లు. వేరే రాష్ట్రాల్లో మిగులు ఉన్నా ఇక్కడికి తెచ్చుకోవడానికి చాలినన్ని లైన్లు లేవు. రాయచూరు - షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశం గ్రిడ్‌తో కలిసింది 2013 డిసెంబర్ 31న. అందుకే ఎవరైనా కొత్త డ్యామ్ గురించి గొప్పగా చెప్తుంటే, ముందు లైను ఎక్కడుంది అని అడగాలనిపిస్తుంది నాకు. మహాకాళి నది మీద నేపాల్‌తో ఒప్పందం 1996లో చేశారు, అందులోని పంచేశ్వర్ డ్యామ్ ఇప్పటికీ కాగితాల మీదే ఉంది.

ఇక మీ ప్రశ్న. కర్నూలు సోలార్ సాయంత్రం ఆరు దాటితే లేదు. ఇంట్లో లైట్లు, ఏసీలు, టీవీలు అన్నీ వేసేది అప్పుడే. వానాకాలంలో హిమాలయ నదులు రాత్రీ పగలూ పొంగుతుంటాయి. అక్కడి ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం నీళ్లు నిలవ చేసేవి కావు, పారే నీటితో నడిచేవి. ఆ కరెంటు అప్పటికప్పుడు వాడకపోతే వృథా. చలికాలంలో వాళ్లకి కొరత, అప్పుడు మన దగ్గర కొంటారు. శ్రీశైలం ఎడమ గట్టున రాత్రి నీళ్లు వెనక్కి తోడి మళ్లీ వాడుకునే ఏర్పాటు ఉంది కదా, రెండు దేశాల మధ్య ఋతువులతో అదే పని చేసుకుంటున్నామనుకోండి. 2024 జనవరిలో పదేళ్లలో 10,000 మెగావాట్లు కొనేలా ఒప్పందం చేసుకున్నది ఇందుకే.

నా బాధల్లా మనం పెట్టే ఆలస్యం గురించి. చైనా పెట్టుబడి ఉన్న ప్రాజెక్టు కరెంటు మనం తీసుకోం. దేశ భద్రత అన్నారు, సరే. మిగతా వాటికైనా అనుమతులు చకచకా రావాలి కదా! మన లైన్ల మీదుగా నేపాల్ నుంచి బంగ్లాదేశ్‌కి వెళ్లాల్సింది 40 మెగావాట్లు. దానికే ఏళ్లు పట్టింది. 2024 అక్టోబర్ 3న మూడు దేశాలూ సంతకాలు చేశాయి, నవంబర్ 15న కరెంటు వెళ్లింది. ఒప్పందం ప్రకారం ఆ ఏటి సీజను ఆఖరి రోజు అదే. మళ్లీ జూన్ దాకా ఆగాల్సి వచ్చింది.

పోయిన సంక్రాంతికి దీదీకి ఫోన్ చేశాను. ఇప్పుడు వాళ్లింట్లో రెండు ఇండక్షన్ స్టవ్‌లట, అబ్బాయి ఎలక్ట్రిక్ కారు కొన్నాడట. సిలిండర్ ఒకటి మాత్రం మెట్ల కింద నిండుగా పెట్టి ఉంచిందట. ఎందుకు దీదీ అంటే, "మళ్లీ సరిహద్దు మూస్తే?" అంది.